రాంబో 3కి తెలుగు మాటలు రాశాను, ఎవరూ వినలేదు

2021 జూన్ 28, సోమవారం పొద్దున స్టూడియో మేనేజరు ఫోను చేశాడు. తెలంగాణలో లాక్‌డౌన్ ఎత్తేసి అప్పటికి ఎనిమిది రోజులు. నా చేతిలో పని లేక నాలుగు నెలలు. "యాక్షన్ సినిమా అమ్మా, మాటలు తక్కువ, పేలుళ్ళు ఎక్కువ. మీకు మూడు వారాల పని" అన్నాడు. సినిమా పేరు ‘రాంబో 3’. ఆఫ్ఘనిస్తాన్‌లో సోవియట్ సైన్యానికి చిక్కిన తన పాత కల్నల్ ట్రాట్‌మన్‌ను రాంబో విడిపించుకొచ్చే హాలీవుడ్ కథ. ఒక టీవీ ఛానల్ కోసం తెలుగు డబ్బింగ్. మొత్తం ₹18,000, మూడు వాయిదాలు. మొదలుపెట్టగానే ఆరు వేలు, రికార్డింగు పూర్తయ్యాక ఆరు వేలు, ప్రసారమైన నెల రోజుల్లోపు ఆఖరి ఆరు వేలు. ఆ మూడో షరతు విన్నప్పుడు నా చెవి కొంచెమైనా నిక్కి ఉండాల్సింది. నిక్కలేదు. ఇంటి అద్దె గుర్తొచ్చి సరే అన్నాను.

ఆ రాత్రి అన్నయ్యకు చెప్పాను. వాడు ఇంటర్ చదివే రోజుల్లో ఈ సినిమాను వీడియో పార్లర్‌లో రెండు రూపాయలిచ్చి చూశాడట. చివర్లో ట్యాంకూ హెలికాప్టరూ ఎదురెదురుగా వచ్చి గుద్దుకోవడం, గాయంలో మందుగుండు పోసి నిప్పంటించుకోవడం పూసగుచ్చినట్టు చెప్పాడు. "డైలాగులు ఏమైనా గుర్తున్నాయా అన్నయ్యా?" అంటే కాసేపు ఆలోచించి, "అందులో మాటలు కూడా ఉన్నాయా?" అన్నాడు. నేను రాయబోయేది ఎవరి కోసమో నాకప్పుడే కొంత అర్థమైంది.

జూలై 2న వీడియో పంపారు. 102 నిమిషాల సినిమా, మసక బొమ్మ, తెర మధ్యలో నీటిముద్ర, పైన పరుగెత్తే టైమ్‌కోడ్. దానితోపాటు ఇంగ్లీషు మాటల జాబితా. మర్నాడు పేపర్లో ఆఫ్ఘనిస్తాన్‌లోని బగ్రాం స్థావరాన్ని అమెరికా సైన్యం ఖాళీ చేసిందన్న వార్త చూశాను. చూసి పేజీ తిప్పేశాను. నా దృష్టంతా జాబితాలో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టడం మీదే ఉంది.

మాటలు తక్కువైతే పని తేలిక అనుకునేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. గడగడా మాట్లాడే పాత్ర అయితే ఒక మాట అటూ ఇటూ అయినా జనం పట్టించుకోరు. మూడు నిమిషాలు మౌనంగా ఉండి, కెమెరా ముఖం మీదికి వచ్చాక మూడు ముక్కలు పలికే మనిషితోనే చిక్కు. ఆ మూడు ముక్కల్లో పెదవులు ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో ప్రేక్షకుడు చూస్తూనే ఉంటాడు. ప, బ, మ పలికితే పెదవులు మూసుకోవాలి. అక్కడ నేను క, త రాస్తే నోరు ఒకటి చెబుతుంది, చెవికి ఇంకొకటి వినిపిస్తుంది. పైగా తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, అంటే నోరు తెరుచుకుని ఆగుతాయి. ఇంగ్లీషువాడు హల్లుతో టక్కున నోరు మూసేస్తాడు. ఎన్నేళ్ళు చేసినా ఈ తగాదా తీరదు.

ఆ సినిమాలో చిన్న హాస్యం ఒకటి ఉంది. ఆఫ్ఘన్ దారి చూపేవాడు మూసా, రాంబో సామానులో ఒక గొట్టంలాంటిది చూసి ఏమిటని అడుగుతాడు. నీలం దీపం అంటాడు రాంబో. అది ఏం చేస్తుందని అడిగితే, నీలంగా వెలుగుతుందంటాడు. అంతే. ఇంగ్లీషులో ఆ ఆఖరి జవాబు మూడు అక్షరాల్లో అయిపోతుంది. ‘నీలంగా వెలుగుతుంది’ అనేసరికి రాంబో నోరు మూసుకుని రెండు క్షణాలైంది. ‘నీలమవుతుంది’ అని కుదించాను. నిడివి కొంత దారికొచ్చింది. కానీ ఇంగ్లీషులో ‘బ్లూ’ అన్న మాట బకారంతో మొదలవుతుంది, పెదవులు కలుస్తాయి. ‘నీ’ దగ్గర పళ్ళు కనిపిస్తాయి. జూలై 8 మధ్యాహ్నమంతా ఈ ఒక్క ముక్క మీదే పోయింది. సాయంత్రం పక్కింటి పెద్దావిడ తీగ మీద ఆరేసిన చీర గురించి మాట్లాడుతూ "ఆ బులుగు రంగుది లోపలికి తియ్యమ్మా, చినుకులు పడుతున్నాయి" అంది. నేను చీర సంగతి మరిచిపోయి లోపలికి పరుగెత్తాను. బులుగు! బకారంతో మొదలు, అందరికీ తెలిసిన మాట, పైగా కొంచెం నవ్వు కూడా దానిలోనే ఉంది. ‘బులుగు దీపం.’ ‘ఏం చేస్తుంది?’ ‘బులుగవుతుంది.’ చీర తడిసింది.

మొదటి ఆరు వేలు జూలై 9న వచ్చాయి. మొదలుపెట్టగానే ఇవ్వాల్సిన డబ్బు పదకొండో రోజున రావడం ఈ వృత్తిలో ఆలస్యం కిందికి రాదు.

ఇంగ్లీషులో మనుషులు ఒకరినొకరు ఎలా పిలిచినా ఒకటే సర్వనామం. తెలుగులో రాయడం మొదలుపెట్టగానే ప్రతి ఇద్దరి మధ్యా ఉన్న చుట్టరికమేమిటో, పగ ఏమిటో తేల్చుకోవాలి. రాంబో, కల్నల్ ట్రాట్‌మన్ సంగతి సులువు. అతను ‘మీరు’, ఆయన ‘నువ్వు’. ఆఫ్ఘన్ కుర్రాడు హమీద్ రాంబోను ఏమనాలి? జాబితా చూసినప్పుడు ‘మీరు’ అని రాశాను. వాడు రాంబో వెంట తిరగడం, యుద్ధానికి తననూ తీసుకెళ్ళమని పోరు పెట్టడం చూశాక అన్నీ ‘నువ్వు’గా మార్చేశాను. చనువు దొరికిన పిల్లలు మీరు అనరు. అసలు చిక్కు ట్రాట్‌మన్‌ను బంధించిన సోవియట్ కల్నల్ జైసెన్ దగ్గర వచ్చింది. ఇద్దరూ ఒకే హోదా. పైకి మర్యాద, చేతిలో హింస. మొదటి ప్రశ్నలన్నీ ‘మీరు’ అని రాసి, కొట్టించడం మొదలైన చోటి నుంచి ‘నువ్వు’కు దింపాను. ట్రాట్‌మన్ మాత్రం చివరిదాకా ‘మీరు’ వదలడు. అయితే ఆ ‘మీరు’ జైసెన్ ఒక్కడికి మర్యాదగా కాక, మీ సైన్యం, మీ దేశం అని బహువచనంగా వినిపించాలి. ఇంగ్లీషులో లేని ఒక చిన్న నాటకం అది. నాకు ఆ సినిమాలో బాగా నచ్చిన భాగం నేను రాసుకున్నదే అంటే నవ్వకండి.

ఇంకో మాట దగ్గర తెలుగు నన్ను దెబ్బ తీసింది. తాచు విషం నుంచి, పులి కోరల నుంచి, ఆఫ్ఘన్ పగ నుంచి దేవుడే కాపాడాలని పాత శత్రువులు ప్రార్థించేవారని మూసా చెబుతాడు. ఇంగ్లీషులో పాముకు విషం, మనిషికి పగ. మనకో, పగ అంటేనే పాము. తాచు అని మొదలుపెట్టి పగ అని ముగిస్తే వినేవాడి తలలో రెండూ కలిసిపోతాయి, మధ్యలో పులి వృథా. వరస మార్చి పులిని ముందు పెట్టాను, తర్వాత తాచు, ఆ వెంటనే ఆఫ్ఘన్. పాము పగ అన్న మన నానుడి తనంతట తానే ఆ మనిషికి అంటుకుంటుందని ఆశ. వాయిస్ డైరెక్టరు ఒప్పుకున్నాడు.

జూలై 16న మొత్తం పంపేశాను. తర్వాత పదకొండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. జూలై 27న 41 సవరణలతో జాబితా వచ్చింది. అందులో సగం నాకు మేలు చేసినవే, ఒప్పుకోవాలి. ‘ఖోస్త్’ అన్న ఊరి పేరు వచ్చినచోట ‘కోస్తాకు వెళ్ళాలి’ అన్నట్టు వినిపిస్తోందట. నిజమే, రాంబో మచిలీపట్నం బయల్దేరినట్టుంది. ‘ఖోస్త్ ఊరికి’ అని మార్చాను. కొన్ని మాత్రం కోపం తెప్పించాయి. ఆఫ్ఘన్ పాత్రలన్నీ ‘అరే భాయ్’ అంటూ పాతబస్తీ యాసలో మాట్లాడితే సరదాగా ఉంటుందట. వాళ్ళది పష్తో, దరీ మాట్లాడే దేశం, బాంబులు పడిన ఊళ్ళో పిల్లల్ని పాతిపెట్టి వచ్చినవాళ్ళ మాటలవి, సరదా ఎందుకని గట్టిగా రాశాను. రష్యన్ విలన్‌కు ఏదో ఒక యాస పెట్టమన్నారు. మన సినిమాల్లో విలన్ అనగానే ఎవరి జిల్లా యాస బలైపోతుందో అందరికీ తెలిసిందే. ఆ పని చెయ్యనని చెప్పి, జైసెన్‌కు కాస్త పొడిపొడిగా, పుస్తకంలోంచి చదివినట్టుండే భాష ఇచ్చాను. ‘తెలియదు’ అనకుండా ‘తెలియజాలదు’ అన్నట్టు. ఒకటి రెండు చోట్ల అతి అయింది, తగ్గించాను.

మరో సవరణ ‘ముజాహిదీన్’ గురించి, అంటే సోవియట్ సైన్యంతో పోరాడిన ఆఫ్ఘన్ తిరుగుబాటుదారులు. ఎనభైలలో మన పత్రికలు ఆ మాటను ఉన్నదున్నట్టు వాడేవి, గెరిల్లాలు అని కూడా రాసేవి. నేను కాలానికి తగ్గట్టు అలాగే ఉంచాను. ఛానల్‌వాళ్ళు ‘పోరాటయోధులు’ చాలన్నారు. పెదవులకు ఇబ్బంది లేదు కదా అని ఒప్పుకున్నాను. ఈ మాట మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఆగస్టు 9 సోమవారం కృష్ణానగర్‌లో రికార్డింగు మొదలైంది. కోవిడ్ భయంతో బూత్‌లోకి ఒకసారి ఒక్కరే. ఒకరు వెళ్ళాక మైకు గుడ్డ మార్చి, పావుగంట తలుపు తెరిచి ఉంచేవారు. అందువల్ల ఎదురెదురుగా మాట్లాడుకునే పాత్రలు కూడా వేరువేరు రోజుల్లో పలికాయి. మూసా సోమవారం అడిగిన ప్రశ్నకు రాంబో గురువారం జవాబు చెప్పాడు. ‘బులుగవుతుంది’ దగ్గర లోపలున్న కుర్రాడికి నవ్వు ఆగక తొమ్మిది టేకులు తీసుకున్నాడు.

రాయడంలో నాకు ఇప్పటికీ వింతగా అనిపించేది మూలుగుల జాబితా. సంగీతం, తుపాకులు, పేలుళ్ళు ఒక ట్రాక్‌లో విడిగా వస్తాయి. మనిషి నోట్లోంచి వచ్చినవన్నీ మాటల ట్రాక్‌లో ఉంటాయి కాబట్టి, మాటలు తీసేస్తే మూలుగులు, కేకలు, ఆయాసం అన్నీ వాటితోపాటే పోతాయి. మళ్ళీ తెలుగువాడే మూలగాలి. ఏ నిమిషంలో ఏ మూలుగో కాగితం మీద రాసిచ్చేది నేనే. ‘ఉఁ’, ‘హా’, ‘పంటి బిగువున నొప్పి’, ‘కొండ ఎక్కుతున్న ఆయాసం’. ఇవన్నీ రోజు చివర్లో చేయిస్తారు, ముందు చేయిస్తే గొంతు పోయి ఆ రోజు మిగతా మాటలు చెడతాయి. ఆ గాయం కాల్చుకునే దృశ్యం బుధవారం రాత్రి చేశారు. బయటికి వచ్చిన కుర్రాడు అరగంట పాటు వేడినీళ్ళు తాగుతూ సైగలతోనే మాట్లాడాడు.

శుక్రవారం సౌండ్ ఇంజనీరుతో వాదన అయింది. ఒకచోట ‘నిన్ను వదిలి వెళ్ళను’ అన్న మాట చివర్లో పేలుడు వస్తుంది. ఇంగ్లీషులో కాదు అన్నది ముందే వినిపిస్తుంది, తర్వాత ఏం పేలినా నష్టం లేదు. తెలుగులో అవునో కాదో తేలేది ఆఖరి అక్షరాల్లోనే. పేలుడు దాన్ని మింగేస్తే వెళ్తాడో వెళ్ళడో ఎవరికీ తెలియదు. పేలుడును సగం క్షణం జరపమన్నాను. "పేలుడు జరగదు మేడమ్, మీ క్రియాపదమే జరగాలి" అన్నాడు. ‘వెళ్ళను, నిన్ను వదిలి’ అని తిప్పి రాశాను. ఆ మాట నిజానికి అలాగే బాగుంది. ఆ అబ్బాయికి హెలికాప్టర్ల పిచ్చి. తెర మీద సోవియట్ హెలికాప్టర్లుగా కనిపించేవి ఫ్రెంచివాళ్ళ ‘పూమా’ రకం హెలికాప్టర్లకు మార్పులు చేసి వేషం వేసినవని, ఆ కొండల్లో చాలా భాగం ఇజ్రాయెల్‌లోవని తీరికగా చెప్పాడు. సుమారు 6 కోట్ల డాలర్ల ఖర్చట, అప్పటికి అంత ఖరీదైన సినిమా మరొకటి లేదట. నా ₹18,000లో రావలసిన పన్నెండు వేలు గుర్తొచ్చి మాట మార్చాను.

శనివారం 14కి అంతా అయిపోవాలి. ట్రాట్‌మన్ గొంతు ఇచ్చే పెద్దాయనకు జలుబు చేసి ఆయన దృశ్యాలు సోమవారానికి వాయిదా పడ్డాయి. మధ్యలో ఆదివారం, ఆగస్టు 15.

ఆ సాయంత్రం టీవీలో కాబూల్ తాలిబన్ల చేతిలోకి వెళ్ళిందన్న వార్త. ఖోస్త్ కూడా ఆ రోజే పోయింది. నెలన్నరగా ఆ ఊరి పేరును ఎలా పలికించాలా అని కొట్టుకున్నదాన్ని, వార్తల్లో ఆ పేరు వినగానే మొదట నాకు తోచిందేమిటంటే, చదివే అమ్మాయి ఖకారం ఒత్తలేదని. ఆ తర్వాతే మిగతాది తలకెక్కింది. అన్నయ్య ఫోను చేశాడు. "నీ సినిమా ఊరే కదా అది" అన్నాడు.

సోమవారం 16న స్టూడియోలో రిసెప్షన్ టీవీ ముందు అందరూ నిలబడి ఉన్నారు. కాబూల్‌లో విమానం వెంట పరుగెత్తే జనం. పదకొండింటికి పెద్దాయన బూత్‌లోకి వెళ్ళారు. ఆ రోజు మొదటి లూపే, అంటే ఒక విడతలో పలికించే ముక్క, జైసెన్‌తో ట్రాట్‌మన్ మాట్లాడేది. ఈ జనం చరిత్రలో ఎవరికీ లొంగలేదని, వాళ్ళను గెలవలేరని, ఆ ప్రయత్నం మేమూ చేసి చూశామని చెప్పి, వియత్నాం పేరు తీస్తాడు. ఇంగ్లీషులో ఆ వాక్యం వియత్నాం అన్న మాటతోనే ఆగుతుంది, పెదవులు మూసుకుంటాయి. అందుకని క్రియను ముందుకు తెచ్చి ‘మేం చూసేశాం మా వియత్నాం. ఇక మీ వంతు’ అని రాశాను. జూలైలో రాసినప్పుడు పెదవులు భలే కుదిరాయని మురిసిపోయాను, ఇంకేమీ తోచలేదు.

పెద్దాయన మొదటి టేకు పలికి ఆగారు. హెడ్‌ఫోన్లు తీసి అద్దంలోంచి నా వైపు చూశారు. ఏదో అడిగారు, మైకు మా వైపు తగ్గించి ఉండడంతో నాకు సరిగ్గా వినబడలేదు. రెండో టేకు ఇంకా మెల్లగా పలికారు. వాయిస్ డైరెక్టరు రెండోదే ఉంచమన్నాడు.

ఆఖరున అంకితం కార్డు. సినిమా చివర తెర మీద అక్షరాలు వస్తాయి, వాటిని గొంతుతో చదివించాలని ఛానల్ కోరిక. ‘ఆఫ్ఘనిస్తాన్ వీర ప్రజలకు ఈ చిత్రం అంకితం.’ మొదట అక్కడ ముజాహిదీన్ల పేరు ఉండేదని, 2001 తర్వాత మార్చేశారని చాలామంది చెప్పుకుంటారు. స్టూడియోలోనూ అదే మాట అన్నారు. అది నిజం కాదు. 1988లో సినిమా వచ్చినప్పటి సమీక్షల్లోనే ప్రజలకు అంకితమని ఉంది. ఇది వెతుకుతుంటేనే తేదీలు కంటపడ్డాయి. సోవియట్ సైన్యం ఆఫ్ఘనిస్తాన్ నుంచి వెనక్కి మళ్ళడం మొదలైంది 1988 మే 15న. సినిమా అమెరికాలో విడుదలైంది మే 25న. పది రోజుల తేడా. అంత డబ్బు పోసినవాళ్ళకు ఆ పది రోజులు ఎలా గడిచాయో గాని, నాకు వాళ్ళ మీద మొదటిసారి జాలి కలిగింది.

మా సినిమా ప్రసారం ఆగస్టు 22 ఆదివారమని ముందే అనుకున్నారు. 17న ఛానల్ నుంచి కొత్త సవరణలు వచ్చాయి. ‘పోరాటయోధులు’ వద్దు, ‘స్థానిక ప్రజలు’ అనండి. అంకితం తీసేయండి. రాంబో ‘స్థానిక ప్రజల’తో కలిసి సోవియట్ కోట మీద దాడి చేస్తాడన్నమాట, గ్రామసభలాగా. అయినా కూర్చుని ఆ మాట వచ్చిన ప్రతిచోటా మార్చి, 19 పొద్దున పంపాను. దానికి అదనపు డబ్బు అడగడం నాకు తట్టలేదు, ఎవరూ ఇస్తామనలేదు. 20 సాయంత్రం మేనేజరు ఫోను చేసి "ప్రస్తుతానికి ఆపమన్నారమ్మా" అన్నాడు. 22న ఆ సమయానికి ఇంకేదో సొరచేపల సినిమా వేశారు. మా ఇంట్లో చూశాం కూడా. డబ్బింగ్ ఫరవాలేదు.

రికార్డింగు వాయిదా ఆరు వేలు సెప్టెంబరు 13న వచ్చాయి. మూడో వాయిదా సంగతి అడిగితే, ప్రసారం కానిది ఎలా ఇస్తామన్నారు. వాళ్ళ కాగితం ప్రకారం వాళ్ళ మాట సరైనదే. అందుకే ఈ పని కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ‘ప్రసారమైన తర్వాత’ అన్న ముక్క కొట్టేసి, ‘రాత అప్పగించిన 60 రోజులకు’ అని రాయించుకోండి. నేను ఏడుసార్లు ఫోను చేశాను, రెండుసార్లు వెళ్ళాను. ఆటోలకు ₹640 అయింది. నవంబరు 24న, పోనీ అన్నట్టు నాలుగు వేలు ఇచ్చారు.

ఆ రోజు డబ్బు తీసుకోవడానికి వెళ్ళినప్పుడే సౌండ్ ఇంజనీరు కనిపించాడు. డిస్కులు నిండిపోయాయట, పాతవి తీసేస్తున్నాడు. "మీది కూడా ఈ వారమే మేడమ్, ఒకసారి వింటారా?" అన్నాడు. ఏ దృశ్యమని అడగకుండా ట్రాట్‌మన్ లూప్ పెట్టాడు. కలపని ట్రాక్ అది. తుపాకులు లేవు, సంగీతం లేదు, ఖాళీ గదిలో పెద్దాయన గొంతు ఒక్కటే. మొదటి టేకు అయ్యాక కుర్చీ కిర్రుమంది. ఆ రోజు నాకు వినబడని ప్రశ్న మైకులో మాత్రం స్పష్టంగా పడింది.

"ఇది ఎప్పటి సినిమా అమ్మా?"

తర్వాత కాసేపు ఎవరూ పలకలేదు. కాగితం సర్దుకున్న చప్పుడు, ఆ వెంటనే రెండో టేకు.